జూన్‌లో వేసిన పుస్తకం లెక్క జనవరిలో తేలుతుంది

ప్రశ్న: సార్, మాది విశాఖపట్నం, అక్కయ్యపాలెం. ఎంఏ తెలుగు చేశాను, వయసు 25. నాన్నగారికి డాబాగార్డెన్స్‌లో చిన్న పబ్లికేషన్స్ ఉంది. పోటీ పరీక్షల గైడ్లు, పిల్లల కథల పుస్తకాలు వేస్తాం. కరోనాలో బాగా దెబ్బతిన్నాం. తర్వాత 2022లో కొత్త జిల్లాలు రావడంతో అప్పుడే అచ్చు వేసిన ఆంధ్రప్రదేశ్ భూగోళం గైడు పనికిరాకుండా పోయింది. ఆ 1,800 కాపీలు ఇప్పటికీ గోడౌన్‌లోనే ఉన్నాయి. నాన్నగారికి గుండె ఆపరేషన్ అయ్యాక 14 నెలలుగా నేనే చూసుకుంటున్నాను. ఈ జూన్‌లో సొంతంగా రెండు పిల్లల పుస్తకాలు వేశాను, 500 కాపీల చొప్పున. ప్రెస్‌కు ఇంకా 2 లక్షల 40 వేలు బాకీ, నెలకు 10 వేలు తీరుస్తున్నాం. షాపుల నుంచి 3 లక్షల పైనే రావాలి, అందులో శ్రీకాకుళానిదే ఎక్కువ. బ్యాంకు ఈఎంఐ తప్పలేదు కానీ చేతిలో ఏమీ మిగలడం లేదు. నేను జీతం తీసుకోవడం లేదు. హైదరాబాద్‌లో ఒక కంపెనీ కంటెంట్ రైటర్‌గా 28 వేలు ఇస్తామంది, నెలాఖరులోగా చెప్పాలి. బాబాయి మూసేయమంటున్నారు. హుద్‌హుద్‌కు గోడౌన్ రేకులు లేచిపోయి పుస్తకాలన్నీ తడిసిపోయినా నాన్న నాలుగేళ్ళలో నిలదొక్కుకున్నారు, ఓపిక పట్టమంటోంది అమ్మ. ఎంతకాలం పట్టాలి?

జవాబు: అమ్మా, ‘ఎంతకాలం’ అని అడిగారు చూడండి, అక్కడే నాకు మీ మీద నమ్మకం కలిగింది. మీ ఇంట్లో ఒకరు మూసేయమంటున్నారు, ఒకరు ఆగమంటున్నారు. గడువు గురించి అడిగింది మీరొక్కరే.

ముందు ఆ 14 నెలల సంగతి చూద్దాం. ఉద్యోగంలో అయితే అది ఒక ఇంక్రిమెంట్ కూడా దాటిపోయిన కాలం. పుస్తకాల పనిలో ఒక చుట్టు తిరగడానికే ఇంచుమించు అంత పడుతుంది. రాతప్రతి చేతికొచ్చాక డీటీపీ (కంప్యూటర్‌లో టైపు చేసి పేజీలు అమర్చడం), రెండు మూడు ప్రూఫులు, బొమ్మలు, ముఖచిత్రం, ప్రెస్, బైండింగ్, వీటికే మూడు నాలుగు నెలలు. తర్వాత షాపులకు వేస్తారు. వాళ్ళు ‘అమ్మాక ఇస్తాం’ అంటారు. జూన్‌లో వేసిన వంద కాపీల్లో ఎన్ని కదిలాయో దసరా దాటితే గాని తెలియదు. డబ్బు సంక్రాంతికి వస్తే అదృష్టం. అంటే ఇన్ని నెలలూ మీరు చూసుకున్నది ఎక్కువగా నాన్నగారు ఎప్పుడో వేసిన పుస్తకాల లెక్కలే. మీ సొంత నిర్ణయాలు రెండే, అవి జూన్‌లో వచ్చాయి. వాటి ఫలితం ఇంకా దారిలో ఉంది. చేతిలో ఏమీ మిగలడం లేదని ఇప్పుడే తీర్పు చెప్పుకోవడం తొందరే అవుతుంది.

అలాగని గోడౌన్‌లో ఉన్నదాన్నంతా కాపలా కాస్తూ కూర్చోమని నా ఉద్దేశం కాదు. ఆ 1,800 గైడ్లనే తీసుకోండి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మన విశాఖ జిల్లాలోంచే అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాయి. ముందు రోజు దాకా పుస్తకంగా ఉన్నది ఆ రోజు నుంచి తూకం కాగితమైంది. లోపల సవరణ కాగితం అంటించి అమ్ముదామని ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. వద్దు. పరీక్ష రాసే పిల్లవాడు ఒక్క తప్పు చూశాడంటే మీ పేరున్న ఏ పుస్తకాన్నీ మళ్ళీ ముట్టుకోడు. ముప్పై ఏళ్ళ క్రితం నేనూ ఒక మిత్రుడితో కలిసి పుస్తకాలు వేసి చేతులు కాల్చుకున్నవాడినే. మహారాణిపేటలో గది అద్దెకు తీసుకుని 700 కాపీలు నాలుగేళ్ళు దాచాం. అద్దె లెక్క చూస్తే ఆ పుస్తకాల ధర దాటిపోయింది. ఆ నాలుగేళ్ళూ దాన్ని మేం ఓపిక అనే అనుకున్నాం.

మీ గైడ్లను ఈ నెలలోనే పాత పేపర్ల కొట్టుకు వేసేయండి. ఒక పని మాత్రం చేయండి, ఆ లోడు వెళ్ళే రోజు నాన్నగారిని గోడౌన్ దగ్గరికి రానివ్వకండి. ఆపరేషన్ అయిన మనిషి. ఒక కాపీ, డీటీపీ ఫైలు ఉంచుకోండి. నదులు, నేలలు, వర్షపాతం జిల్లాలతో పాటు మారిపోలేదు కదా. ఆ ఫైలు సగానికి పైగా ఇంకా పనికొస్తుంది. బహుశా అది పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్స్ అనే పాత తెలుగు అక్షరాల్లో ఉండి ఉంటుంది. నాన్నగారి పాత ఫైళ్ళన్నీ వరుసగా యూనికోడ్‌లోకి, అంటే ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే తెలుగులోకి, మార్పించుకోండి. మార్చినప్పుడు ఒత్తులు అక్కడక్కడా తారుమారవుతాయి, కాబట్టి మళ్ళీ ప్రూఫు చదవక తప్పదు. విసుగు పుట్టించే పని, కాదనను. ఎంఏ తెలుగు చదివిన మీకంటే ఆ పని బాగా చేసేవాళ్ళు ఎవరు దొరుకుతారు? ఆ తర్వాత ఆ పుస్తకం యాభై కాపీలైనా, ఈ-బుక్ అయినా వేసుకోవచ్చు. ఈ-బుక్ వేసేముందు రచయితతో రాసుకున్న కాగితంలో ఆ హక్కు ఉందో లేదో చూడండి. నాన్నగారి కాలంలో చాలావరకు నోటిమాటే. ఇప్పుడు రాయించుకోండి, ఇవ్వాల్సిన రాయల్టీ ఏదైనా ఉంటే ఆ రోజే కొంతైనా చేతిలో పెట్టండి.

ఇక అచ్చు. ఎక్కువ కాపీలు వేస్తే ఒక్కొక్కటి చవకగా పడుతుందని ప్రెస్ వాళ్ళు చెబుతారు. అది నిజమే, చాలామంది మునిగేది కూడా ఆ మాట దగ్గరే. ఉదాహరణకు ఒక పుస్తకం ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లు చేయించి ఒకేసారి, వెయ్యి కాపీలు వేస్తే కాపీకి 60 రూపాయలు, డిజిటల్‌లో, అంటే ప్లేట్లు లేకుండా నేరుగా ఫైలు నుంచి, కొద్దికొద్దిగా వేస్తే 95 అనుకుందాం. వెల 180. షాపుకు 40 శాతం డిస్కౌంట్ పోగా మీకు వచ్చేది 108. ఏడాదిలో 350 అమ్ముడైతే 37,800 వస్తుంది. ఆఫ్‌సెట్‌కు 60 వేలు పెట్టి ఉంటే 22,200 ఇరుక్కుపోయినట్టు, దానితో పాటు 650 కాపీలకు చోటు వెతకాలి. డిజిటల్‌లో ముందు 200, అవి అయ్యాక 150 వేస్తే ఖర్చు 33,250. మిగిలింది 4,550. చిన్న మొత్తమే, కానీ మిగిలింది. రేట్లు మీ ప్రెస్‌లో ఎంతో కనుక్కుని ఇదే లెక్క మీరే వేసి చూడండి. ఒక విషయం మరవకండి. పుస్తకం మీద జీఎస్టీ లేదు, కాగితం మీద, అచ్చు మీద ఉంది. పుస్తకంపై పన్ను లేదు కాబట్టి కట్టిన ఆ పన్నును తిరిగి సర్దుకునే వీలు మీకు ఉండదు. అది ఖర్చులో కలిసిపోతుంది. వెల నిర్ణయించేటప్పుడు చాలామంది చిన్న ప్రచురణకర్తలు దీన్ని వదిలేస్తారు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే అనుమానంగా కనిపించిన అంకె ఆ 3 లక్షలు. అది బిల్లుల మొత్తం. అందులో అమ్ముడుపోని పుస్తకాలు ఎన్నో ఎవరికీ తెలియదు. ఆ పాత భూగోళం గైడ్లు ఇంకా షాపుల అల్మారాల్లో ఉన్నాయేమో కూడా తెలియదు. నిజంగా వచ్చేది సగమే కావచ్చు. తెలుసుకోవాలంటే ఫోన్ చాలదు. ఫోన్ చేస్తే ‘వచ్చే వారం మేడమ్’ అంటారు. పొద్దున్నే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి వెళ్ళాలి. ఒక ట్రిప్పు విజయనగరం, శ్రీకాకుళం. ఇంకోటి అనకాపల్లి, తుని, రాజమండ్రి. ప్రతి నెలా ఒకే తేదీకి వెళ్ళండి. షాపులో నిలబడి ఉన్న కాపీలు లెక్కపెట్టండి, కదలనివి పేచీ లేకుండా వెనక్కి తీసుకోండి, అమ్ముడైన వాటికి బాకీ ఎంతో బిల్లు బుక్కులో రాసి సంతకం పెట్టించుకోండి. ఆ రోజు రెండు వేలిచ్చినా తీసుకోండి. మొదటి నెల మొహం చిట్లిస్తారు. రెండో నెల టీ తెప్పిస్తారు. మూడో నెలకు మీరు వచ్చే తేదీకి కాస్త డబ్బు పక్కన పెట్టి ఉంచుతారు. అందరూ కాదు లెండి. ఒకరిద్దరి బాకీ గోడకు కొట్టిన సున్నమే. వాళ్ళకు మళ్ళీ సరుకు వేయకండి.

ప్రెస్ యజమాని విషయంలో ఇదే తిప్పి చేయండి. ఆయన అడగకముందే మీరు వెళ్ళి 10 వేలు ఇచ్చి, మీ వసూళ్ళ కాగితం చూపించండి. ఈ 14 నెలలూ ఓపిక పట్టినవాళ్ళలో ఆయనా ఒకరు.

నేరుగా పాఠకులకు అమ్మడం మీద కూడా దృష్టి పెట్టండి, అక్కడ 40 శాతం డిస్కౌంట్ లేదు. పోస్టల్ శాఖ పాత రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ తీసేశాక 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్ను అదనం. మీ పుస్తకాల్లో ఏవి దాని కిందకు వస్తాయో పోస్టాఫీసు కౌంటర్‌లో అడగండి. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటుంది. ఒక్కరే స్టాల్ తీసుకోవద్దు, మీలాంటి చిన్న ప్రచురణకర్తతో సగం సగం పంచుకోండి. గ్రంథాలయాల కొనుగోలుకు దరఖాస్తు పెట్టండి గాని, ఆ డబ్బును ఏ నెల ఖర్చులోనూ లెక్కేసుకోకండి. అది వచ్చినప్పుడు వస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. మార్చి 31 దాకా. అప్పటికి ప్రెస్ బాకీ 1 లక్ష 80 వేలకు దిగాలి. మీ రెండు పుస్తకాల్లో ఒక్కటైనా 300 కాపీలు దాటి, దాని డబ్బు చేతికి రావాలి. మీ పేరున నెలకు 12 వేలు జీతంగా ఖాతాలో రాయండి, తీసుకోలేకపోయినా సరే రాయండి. మీరు ఉచితంగా చేస్తున్నంతకాలం ఈ వ్యాపారం నిజంగా లాభంలో ఉందో నష్టంలో ఉందో ఎవరికీ తెలియదు. మార్చికి ఈ మూడింట్లో రెండు కుదిరితే ఇంకో ఏడాది నడపండి. రెండు కూడా కుదరకపోతే కొత్త పుస్తకాలు ఆపి, ఉన్నవి అమ్మి, ప్రెస్ బాకీ తీర్చి మూసేయండి. అప్పుడు బాబాయి చెప్పింది చేసినట్టు ఉండదు, మీరే లెక్క చూసి చేసినట్టు ఉంటుంది. ఈలోగా ఏ నెలైనా ఈఎంఐ కోసం అమ్మ గాజులు కుదువపెట్టాల్సి వస్తే మాత్రం మార్చి దాకా కూడా ఆగవద్దు, ఉద్యోగం వెతుక్కోండి.

28 వేల ఉద్యోగం పోతే మళ్ళీ రాదేమోనన్న టెన్షన్ సహజం. కానీ ఎడిటింగ్, ప్రొడక్షన్, ధర నిర్ణయించడం, వసూళ్ళు, అన్నీ చేతులారా చేసిన 25 ఏళ్ళ అమ్మాయికి కంటెంట్ ఉద్యోగం మార్చి తర్వాతా దొరుకుతుంది. వీలైతే నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే పబ్లిషింగ్ కోర్సు చేయండి, పెద్ద ప్రచురణ సంస్థల తలుపులు అక్కడ తెరుచుకుంటాయి. ఇప్పుడు ఖర్చులకు రాత్రిళ్ళు ప్రూఫ్ రీడింగో అనువాదమో చేసుకోండి.

అమ్మగారు చెప్పిన హుద్‌హుద్ కథ దగ్గర నాకో సందేహం ఉంది. 2014 అక్టోబర్ తుపానుకు అన్నీ తడిసిపోయాక ఆ నాలుగేళ్ళు నాన్నగారు ఏం చేశారు? ముందు ఎవరి బాకీ తీర్చారు, ఏ షాపు ముందు డబ్బిచ్చింది, ఏ పుస్తకాన్ని మళ్ళీ వేశారు? ఇంట్లో ‘ఓపిక పట్టారు’ అన్న ఒక్క మాటే మిగిలినట్టుంది. ఆయన్ను కూర్చోబెట్టి అడగండి, అప్పటి ఖాతా పుస్తకం ఉంటే తీయించండి. గోడౌన్‌కు రావద్దన్న మనిషికి ఈ పని అప్పగిస్తే ఆయనకూ బాగుంటుంది.

కంపెనీకి నెలాఖరు దాకా ఆగకుండా ఈ వారంలోనే మర్యాదగా జవాబు రాసేయండి. అది రాశాక మొదటి బస్సు శ్రీకాకుళానికే ఎక్కండి, పెద్ద బాకీ అక్కడే ఉందన్నారు కదా.