నయం కాని జబ్బుతో ఉన్నవాళ్లకు కారుణ్య మరణం చట్టబద్ధం చేయాలా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

ప్రశ్న సూటిగా ఉంది: నెదర్లాండ్స్, కెనడా, అమెరికాలోని ఒరెగాన్‌లలో లాగా, బతకరని తేలిపోయిన రోగి కోరితే డాక్టరు సాయంతో పోయేలా చట్టం మన దగ్గరా తెస్తే తప్పేంటి? 2019కి ముందు అడిగి ఉంటే 'తప్పేం లేదు' అని ఒక్క ముక్కలో రాసేవాణ్ణి.

ఆ ఏడాది మా నాన్నకి పాంక్రియాస్ క్యాన్సర్ అని తేలింది. ఖమ్మం దగ్గర పల్లె మాది. ఆ నొప్పి కడుపులో మొదలై వీపులోకి పొడుచుకొస్తుంది, వెల్లకిలా పడుకోలేరు. దిండు ఒళ్లో పెట్టుకుని, ముందుకు వంగి కూర్చునే తెల్లారబెట్టేవాడు. ఒక రాత్రి నా చెయ్యి పట్టుకుని, "గొడ్డునైనా ఇంత బాధ పెట్టం గదరా. ఒక్క సూదేయించి పంపించు" అన్నాడు. ఇక రోజూ అదే మాట. చట్టం ఉంటే నేనే దగ్గరుండి సంతకం పెట్టించేవాణ్ణి. అబద్ధం ఎందుకు?

అప్పటిదాకా ఇచ్చింది ట్రమడాల్ అనే నొప్పి మాత్రే. ఎవరో చెబితే హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ నొప్పి తగ్గించడానికే విడిగా ఒక విభాగం ఉంది. నాలుగు గంటలకోసారి మార్ఫిన్ మాత్ర, దాంతో మలబద్ధకం వస్తుందని విరేచనానికో మందు. "అది వేస్తే తొందరగా పోతాడు" అని మా బాబాయి అడ్డం పడ్డాడు. మూడో రోజుకి నాన్న నడుం వాల్చి నిద్రపోయాడు. లేచి చింతచిగురు పప్పు అడిగాడు. తిన్నది రెండు ముద్దలే అనుకోండి. సూది మాట మాత్రం రెండు నెలలు ఎత్తలేదు. మనవరాలికి పేకాట నేర్పాడు ఆ రెండు నెలల్లో. అది గుర్తొచ్చినప్పుడల్లా నేను పెట్టించేవాణ్ణన్న ఆ సంతకం గుర్తొస్తుంది.

1985 నాటి మత్తుమందుల చట్టం పుణ్యమా అని మార్ఫిన్ మామూలు మందుల షాపులో దొరకదు. 2014లో సవరించి లైసెన్సుల తిప్పలు తగ్గించారు గానీ, జిల్లాల్లో చాలామందికి ఇప్పటికీ పట్నం పరుగే. నొప్పి తగ్గించే మాత్ర అందని చోట ప్రాణం తీసే మందు అందుబాటులోకి తెస్తే, లేనివాడు దేనికి ఒప్పుకుంటాడో ఊహించండి. బిల్లు చూసి 'నేను పోతే వీళ్లకి పొలమైనా మిగులుద్ది' అనుకునే ముసలాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు.

అలాగని నేను పూర్తిగా వ్యతిరేకిని కాను. 2004లో హైదరాబాద్‌లో కె. వెంకటేశ్ అనే పాతికేళ్ల కుర్రాడు, కండరాలు క్షీణించే జబ్బుతో వెంటిలేటర్ మీదికి చేరి, అవయవాలు పాడవకముందే దానం చేసి పోనివ్వమన్నాడు. వాళ్లమ్మ హైకోర్టు దాకా వెళ్లింది. చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. రోజుల్లోనే పోయాడు. అతనికి నొప్పి మాత్ర వేసుకో అని ఏ ముఖం పెట్టుకుని చెప్తాం? 1997 నుంచి చట్టం అమల్లో ఉన్న ఒరెగాన్‌లో మందు రాయించుకున్నవాళ్లలో సుమారు మూడో వంతు మంది అది మింగకుండానే పోతారట. చేతిలో ఉందన్న ధైర్యమే కొందరికి చాలేమో. కెనడా మాత్రం 2016లో చావు దగ్గరపడినవాళ్లకే అని మొదలుపెట్టి, 2021లో ఆ షరతు తీసేసింది. నా బెరుకు అక్కడే.

మన దగ్గర సూది ఇవ్వడం ఇప్పటికీ నేరమే. కానీ కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ లాంటివి ఆపొచ్చని సుప్రీంకోర్టు 2011లో, దాడి తర్వాత దశాబ్దాలు స్పృహ లేకుండా పడి ఉన్న ముంబై నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో చెప్పింది. 2018లో లివింగ్ విల్ కూడా, అంటే రేపు తెలివి తప్పితే ఇలాంటి చికిత్స వద్దని ముందే రాసిపెట్టే కాగితం, రాసుకోవచ్చంది. మాకు తెలీదు. ఆఖర్లో ఆయాసం మొదలైనప్పుడు నాన్న "హైదరాబాద్ వద్దురా" అని తెలివిలో ఉండగానే చెప్పాడు. 'డబ్బుకి చూసుకున్నారు' అంటారని అన్నయ్య భయం, నాకూ అదే. తీసుకెళ్లాం. ఆరు రోజులు వెంటిలేటర్. ఏడో రోజు, డాక్టర్ల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని కాగితం మీద సంతకం పెట్టి, అంబులెన్సులో ఊపిరి అందించే బ్యాగు చేత్తో నొక్కుకుంటూ బయల్దేరాం. ఇంటి దాకా రాలేదు. సూర్యాపేట దాటాక పోయాడు. సూది అడిగిన నాన్నకి చట్టం అడ్డం వచ్చింది. వెంటిలేటర్ వద్దన్న నాన్నకి అడ్డం వచ్చింది మేమే.

కాబట్టి చట్టం చేయాలా అంటే, మార్ఫిన్ ప్రతి జిల్లా ఆసుపత్రిలో దొరికాక, ఒరెగాన్ లాంటి గట్టి షరతులతో అయితే సరేనంటాను. ఈలోపు ఉన్నదాన్నైనా వాడుకోండి. 2023లో సుప్రీంకోర్టు లివింగ్ విల్ పద్ధతి సులువు చేసింది. మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లక్కర్లేదు, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ ధ్రువీకరిస్తే చాలు. అది రాసుకున్నా, చికిత్స ఆపే ముందు రెండు మెడికల్ బోర్డులు ఒప్పుకోవాలి.

పోయినేడు మా అమ్మ తనే అడిగి రాయించుకుంది. నోటరీ గారు విల్లు అనగానే సర్వే నంబర్లు ఎక్కడ అన్నారు. ఒక కాపీ పంచాయతీలో కూడా ఇవ్వాలి కదా, తీసుకెళ్తే సెక్రటరీ రెండుసార్లు చదివి, ఏ ఫైల్లో పెట్టాలో తెలీక బీరువాలో పెట్టి తాళం వేశాడు. సాక్షిగా అన్నయ్యని పెట్టమన్నాను. వాడు ఆ రోజు పని ఉందని ఖమ్మం వెళ్లిపోయాడు.