ఆదివారం కృష్ణ దాటాలనుకుంటే

చంటీ,

తుళ్లూరులో ఇల్లు కుదిరిందని, ఉద్యోగం బాగానే ఉందని, ఆదివారం వస్తే మాత్రం ఏం చేయాలో తోచక మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. సినిమాకి విజయవాడ, బట్టలకి విజయవాడ, దుర్గమ్మ దర్శనానికి విజయవాడ, అంతేనట. కృష్ణ అవతల ఉన్నది విజయవాడ ఒక్కటే అనుకుంటే ఎలారా? ఇటుపక్క రాజధాని అనే మాట పుట్టకముందు నుంచీ నేనూ మీ పెద్దనాన్నా ఆ ఒడ్డంతా బస్సుల్లోనూ స్కూటరు మీదా తిరిగినవాళ్లం. అందుకని నువ్వు అడగకపోయినా రాస్తున్నాను, చదువుకో.

ముందే ఒక మాట చెప్తాను, తర్వాత నన్ను తిట్టుకోకు. నేను చెప్పబోయే చోట్లలో కొన్నిటి దగ్గర చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. ఇటుకల దిబ్బ, పడిపోయిన గోడ, రేవులో నాలుగు మెట్లు. ఫోన్‌లో ఫొటోలు చూసి ఆశపడి వెళ్తే పావుగంటలో తిరుగుముఖం పడతావు. అయితే అవతల ఒడ్డున ఏది చూసినా దాని జోడు మన ఒడ్డున ఉంటుంది. ఆ జోడేదో తెలుసుకుని వెళ్తే అదే దిబ్బ దగ్గర గంట కూర్చుంటావు. నేను మొదటిసారి ఏమీ తెలియకుండా వెళ్లి, రెండోసారి తెలుసుకుని వెళ్లినదాన్ని కాబట్టి చెప్తున్నా.

జగ్గయ్యపేట తీసుకో. హైదరాబాద్ హైవే మీద వెళ్తూ ఎన్నిసార్లు దాని పక్కనుంచి పోయి ఉంటావో! ఊరి దగ్గర ధనబోడు అని చిన్న గుట్ట, దాని మీద బౌద్ధ స్తూపం ఉంది. స్తూపం అంటే సాంచీలా ఊహించుకోకు, అడుగుభాగమే మిగిలింది. 1880ల్లో జేమ్స్ బర్జెస్ అనే దొర తవ్విస్తే బయటపడింది. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి ఇక్కడ 5 ఆయక స్తంభాలు, అంటే స్తూపం పక్కన అరుగు మీద నిలిపే స్తంభాలు, నిలబెట్టించాడని శాసనం ఉంది. దానం చేసింది రాజు కాదురా, రాయి చెక్కే మనిషి! నాకు ఆ స్తూపంలో అన్నిటికంటే నచ్చిన సంగతి అదే.

అక్కడ దొరికిన ఒక పలక మీద చక్రవర్తి చెయ్యి పైకెత్తి నిలబడి ఉంటాడు, మబ్బుల్లోంచి నాణేలు వానలా కురుస్తుంటాయి. ఆ పలక ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మన అమరావతి శిల్పాలు కొన్ని చెన్నైకి, కొన్ని లండన్‌కి పోయినట్టే ఇదీ పోయింది. రెండు ఒడ్లకీ ఒకటే గతి. ఇంకో జోడు కూడా ఉంది చూడు. బేతవోలు అనే ఊరికి తన తండ్రి పేరు పెట్టి జగ్గయ్యపేట చేసింది జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, చింతపల్లి నుంచి మకాం మార్చి మన ఒడ్డున అమరావతి ఊరు కట్టించిందీ ఆయనే. ఆ కట్టడాల కోసం తవ్వుతున్నప్పుడే 18వ శతాబ్దం చివర్లో అమరావతి స్తూపం దిబ్బలోంచి రాళ్లు బయటపడ్డ సంగతి కాలిన్ మెకంజీ అనే కంపెనీ దొరకి తెలిసింది. అందుకే జగ్గయ్యపేట వెళ్లేముందు ఒక శనివారం సాయంత్రం అమరావతి మ్యూజియం చూసి వెళ్లు. మ్యూజియం చూడకుండా ధనబోడు ఎక్కితే మాత్రం ఎండ తప్ప ఏమీ తగలదు.

అదే రోజు వేదాద్రి, ముక్త్యాల కూడా కలుపుకోవచ్చు, రెండూ కృష్ణ ఒడ్డునే ఉన్నాయి. హైవే మీద చిల్లకల్లు దగ్గర తిరగాలి. వేదాద్రిలో నరసింహస్వామి అయిదు రూపాల్లో ఉంటాడు, అందులో సాలగ్రామ నరసింహుడు నదిలోనే ఉంటాడని చెప్తారు. గుడి కన్నా నాకు ఆ మెట్ల మీద కూర్చుని నీళ్లు చూడటమే ఇష్టం, ఈ మాట మీ అమ్మకి చెప్పకు. ముక్త్యాల అంటే నాగార్జునసాగర్ కోసం ఊరూరా తిరిగి పోరాడిన ముక్త్యాల రాజా గారి ఊరు. అప్పుడు దాన్ని నందికొండ ప్రాజెక్టు అనేవాళ్లు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. దాని కుడి కాలువ మన పల్నాడుకి నీళ్లిస్తే, ఎడమ కాలువ ఆ నందిగామ, జగ్గయ్యపేట వైపు పొలాలకి ఇస్తుంది. దారిలో పంట కాలువ కనిపిస్తే ఆపి పిల్లాడికి చూపించు, వాడు ఇంటి దగ్గర తినే అన్నం కథ కూడా అదే.

ముక్త్యాల వెళ్లాలంటే అంత చుట్టూ తిరగక్కర్లేదు, బల్లకట్టు ఉంది అని ఎవరో ఒకరు నీకు చెప్తారు. నిజమే, అచ్చంపేట వైపు మాదిపాడు రేవు నుంచి అవతల ముక్త్యాలకి బల్లకట్టు తిరుగుతుంది, బళ్లు కూడా ఎక్కించుకుంటారు. నీ కారు రోడ్డు మీద కాకుండా నీళ్ల మీద పోతుంటే పిల్లాడి మొహం చూడాలి, ఒక్కసారైనా ఎక్కు. కానీ మా కథ విను. ఒకసారి మీ పెద్దనాన్న, బండి ఎందుకులే అని స్కూటరు మాదిపాడు రేవులో వదిలేసి నన్ను నడిపించి బల్లకట్టు ఎక్కించారు. మేం అవతల గుడి చూసుకుని, నీడన పులిహోర తిని, ఒక కునుకు తీసి వచ్చేసరికి పైనుంచి నీళ్లు వదిలారని బల్లకట్టు ఆపేశారు. ఎదురుగా ఒడ్డు కనిపిస్తోంది. ఆ ఒడ్డున మా స్కూటరు. మధ్యలో కృష్ణ. ఇంకేం చేస్తాం, జగ్గయ్యపేటకి ఆటో, అక్కణ్ణుంచి విజయవాడకి బస్సు, మళ్లీ ఇంకో బస్సు, ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. స్కూటరు కోసం మర్నాడు ఆయన ఒక్కరే వెళ్లారు, నేను రానని తెగేసి చెప్పాను. కాబట్టి వానాకాలంలో బల్లకట్టు నమ్ముకోకు, బయల్దేరేముందు ఆ ఊళ్లో ఎవరినైనా కనుక్కో, సాయంత్రం చీకటి పడేదాకా అవతల ఉండిపోకు, బండి ఎప్పుడూ నీతోనే దాటించు.

ఇంకో ఆదివారానికి కొండపల్లి. పేరు తెలియనివాళ్లు లేరు, వెళ్లినవాళ్లు తక్కువ. బొమ్మలు షోకేసులో ఉంటాయి కదా అని కాబోలు. కోట 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్లు కట్టించింది. కొండవీడు మన గుంటూరు వైపు, కొండపల్లి అటువైపు. చేతిలో రెండు కొండలు ఉన్నవాడికి మధ్యలో కృష్ణా తీరమంతా చిక్కినట్టే. అందుకే తర్వాత గజపతులు, వాళ్ల నుంచి కృష్ణదేవరాయలు, ఆ తర్వాత గోల్కొండ నవాబులు, చివరికి ఇంగ్లీషువాళ్లు, ఒకరి తర్వాత ఒకరు పట్టుకున్నారు. వీలైతే ఒక నెలలో రెండు కోటలూ చూసెయ్. పొద్దున ఎనిమిదింటికల్లా పైన ఉండాలి, పదకొండు దాటితే ఆ రాళ్ల మీద కాలు పెట్టలేవు. మార్చి నుంచి జూన్ దాకా అసలు వెళ్లొద్దు, బెజవాడని ఊరికే బ్లేజ్‌వాడ అనలేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది.

కోట దిగాక ఊళ్లోకి వెళ్లి బొమ్మలు చేసేవాళ్ల ఇంటి ముందు నిలబడు. కొనకపోయినా చూడనిస్తారు, కొంటే ఇంకా బాగా మాట్లాడతారు. తెల్లపొణికి కర్రని ఆరబెట్టి చెక్కుతారు. కాళ్లూ చేతులూ విడివిడిగా చేసి, రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతికిస్తారు. తర్వాత సుద్ద పూత, దాని మీద రంగులు. 2007లో ఈ బొమ్మలకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అనే ముద్ర, వచ్చింది కానీ పొణికి చెట్టు దొరకడమే కష్టంగా ఉందని వాళ్లు చెప్తుంటారు. బేరం మరీ గీచి గీచి ఆడకు. షోరూమ్‌లో నోరు మెదపవు కదా, ఇక్కడెందుకు?

దారిలో మూలపాడు దగ్గర అడవిలో సీతాకోకచిలుకల పార్కు ఉంది, పిల్లాడు మారాం చేస్తే పనికొస్తుంది. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం ఉంది, పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే చోటు. నదులు కలవడం అంటే రెండు రంగులు కనిపిస్తాయనుకోకు, సాయంత్రం గాలికి కూర్చోవడానికి బాగుంటుంది, అంతే. అక్కడే 2017 నవంబరులో పడవ బోల్తా పడి 20 మందికి పైగా పోయారు. ఎవడైనా పడవ ఎక్కమంటే లైఫ్ జాకెట్ అందరికీ ఉందా, పిల్లాడికి సరిపోయేది ఉందా చూడు, లేకపోతే ఎంత బతిమాలినా ఎక్కకు. మనుషులు లేని రేవుల్లో స్నానాలు కూడా వద్దు. ఇసుక తవ్విన గుంతలు పైకి తెలియవు.

పరిటాల హైవే మీదే ఉంది కదా, అందరూ పెద్ద హనుమంతుడి విగ్రహానికి దండం పెట్టుకుని పోతారు. ఆ ఊరు ఒకప్పుడు చుట్టూ మద్రాసు రాష్ట్రం ఉండగా మధ్యలో నిజాం కింద ఉండేది, 1947లో మాది స్వతంత్ర రిపబ్లిక్ అని వాళ్లే ప్రకటించుకున్నారు! ఆగినప్పుడు పిల్లాడికి ఆ కథ చెప్పు. వజ్రాల పిచ్చి ఉంటే గుడిమెట్ల ఉంది, చందర్లపాడు అవతల. వానలు పడగానే జనం వజ్రాలు వెతకడానికి వస్తారు. దీనికీ జోడు ఉంది. కోహినూరు దొరికిందని చెప్పే కొల్లూరు గని మన ఒడ్డుదే, ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. మీ పెద్దనాన్న గుడిమెట్లలో రెండు గంటలు వంగి వంగి వెతికితే దొరికింది నడుంనొప్పి.

కిందివైపు శ్రీకాకుళం, ఘంటసాల, కూచిపూడి ఒక పూర్తి రోజు. శ్రీకాకుళం అనగానే ఉత్తరాంధ్ర బస్సెక్కకు, ఇది కరకట్ట మీద వెళ్తే వచ్చే పల్లెటూరు, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉంది. ఆముక్తమాల్యద తెలుగులో రాయమని కలలో ఆ స్వామే చెప్పాడని రాయలే రాసుకున్నాడు. ఘంటసాలలో బౌద్ధ స్తూపం, చిన్న మ్యూజియం ఉన్నాయి. దీని గురించి ఎక్కువ రాయను, ముందు పైవైపు పూర్తి చెయ్యి.

అన్నీ ఒకేరోజు కుక్కకు. పొద్దున కొండపల్లి, మధ్యాహ్నం వేదాద్రి, సాయంత్రం ఫెర్రీ అని ప్లాన్ వేసినవాళ్లు రోజంతా హైవే మీదే గడిపారు. రోజుకో దిక్కు, ఎక్కువలో ఎక్కువ మూడు చోట్లు. ఇంకోటి, ప్రకాశం బ్యారేజీ మీంచి దాటితే సరిగ్గా దుర్గమ్మ కొండ కిందకి దిగుతావు. దసరా నవరాత్రుల్లో, డిసెంబరులో భవానీలు దీక్ష విరమించే రోజుల్లో అటు వెళ్లావంటే ఎదురుగా ఉన్న ఇంటికి చేరడానికి కూడా గంటలు పడుతుంది. మామూలు ఆదివారం అయితే ఏడింటికి ముందే దాటెయ్. అన్నం మూట కట్టుకుని వెళ్లండి, వేదాద్రి, ముక్త్యాల వైపు మధ్యాహ్నం భోజనం దొరుకుతుందని గ్యారంటీ ఇవ్వలేను. పిల్లాడికి టోపీ, నీళ్లు రెండు సీసాలు ఎక్కువే పెట్టుకో.

కొండపల్లి వెళ్లినప్పుడు నాకు తాడిచెట్టు ఎక్కే గీతగాడి బొమ్మ ఒకటి తీసుకురా. మా ఇంట్లోదాని చెయ్యి విరిగింది, ఫెవికాల్ పెడితే ఆగడం లేదు. కుదిరితే అక్కడ ఎవరినైనా అడిగి కాస్త మక్కు కూడా పట్టుకురా, పాతదాన్ని అతికించుకుంటాను.

మీ పెద్దమ్మ