చిన్న కణం బాగా పనిచేసిందంటే ముందు ఉపరితలం లెక్క చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

2 నానోమీటర్ల ప్లాటినం కణాలు 4 నానోమీటర్ల కణాలకన్నా ఉత్ప్రేరకాలుగా గ్రాము లోహానికి రెట్టింపు చర్యావేగం ఇచ్చాయని రాశావు. దానికి పరిమాణ ప్రభావం అని అప్పుడే పేరు పెట్టకు. గోళాకార ప్లాటినం కణంలో పైకి తేలిన, అంటే ఉపరితలం మీదున్న పరమాణువుల వాటా (డిస్పర్షన్) కావాలంటే 1.1ని వ్యాసంతో (నానోమీటర్లలో) భాగించు, సుమారుగా వస్తుంది. 2కి 55 శాతం, 4కి 27. పనివాళ్లు రెట్టింపయ్యారు, అంతే. ఒక్కొక్కరి పని మారలేదు. వేగాన్ని ఉపరితల పరమాణువుల సంఖ్యతో భాగించి టర్నోవర్ ఫ్రీక్వెన్సీ (ఒక్కో ఉపరితల పరమాణువు సెకనుకు ఎన్ని అణువులను మారుస్తుందో ఆ లెక్క) కట్టాకే మాట్లాడు.

ఎక్కువమంది బోల్తా పడేది సగటు వ్యాసం దగ్గర. టీఈఎంలో (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో) 2 నానోమీటర్లవి 90 కణాలు, 10 నానోమీటర్లవి 10 కణాలు కనిపించాయనుకో. మామూలు సగటు 2.8. ఉపరితలం లెక్కకు పనికొచ్చేది వ్యాసాల ఘనాల మొత్తాన్ని వర్గాల మొత్తంతో భాగిస్తే వచ్చే సగటు: 7.9! దాదాపు లోహమంతా ఆ పది పెద్ద కణాల్లోనే దాక్కుంది. అందుకే వేర్వేరు చోట్ల నుంచి కనీసం 200 కణాలైనా కొలువు. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రే వివర్తనం) ఒక్కదాన్నే నమ్ముకోకు. 2 నానోమీటర్ల లోపు కణాల శిఖరాలు వెడల్పై బేస్‌లైన్‌లో కలిసిపోతాయి.

కెమిసార్ప్షన్‌తో, అంటే లోహం ఉపరితలానికి ఎంత వాయువు అంటుకుంటుందో కొలిచి, సరిచూసుకో. పెల్లేడియం హైడ్రోజన్‌ని లోపలికీ పీల్చి హైడ్రైడ్ అవుతుంది కాబట్టి దానికి కార్బన్ మోనాక్సైడ్ వాడు. టీఈఎంలో కణాలు చిన్నవే ఉండి వాయువు మాత్రం అంటకపోతే, ఉపరితలం మూసుకుపోయిందన్నమాట: కణాల తయారీలో వాడిన పీవీపీ అనే పాలిమర్ మిగిలిందేమో, లేదా కణాలను నిలిపి ఉంచే టైటానియా సపోర్ట్‌ని హైడ్రోజన్‌లో 500 డిగ్రీల దాకా వేడిచేస్తే దాని ఆక్సైడ్ లోహం మీదికి పాకిందేమో.

ఇవన్నీ తేలాక మిగిలే తేడాయే నిర్మాణానిది. కణం చిన్నదయ్యేకొద్దీ మూలల్లో, అంచుల్లో ఉండే పరమాణువుల వాటా పెరుగుతుంది, చదును ముఖాలది తగ్గుతుంది. మూలన ఉన్నదానికి ఇరుగుపొరుగు తక్కువ, అందుకే వచ్చిన అణువును గట్టిగా పట్టుకుంటుంది. మరీ గట్టిగా పట్టుకుంటే వదలదు. ప్లాటినం మీద ఎథిలీన్ హైడ్రోజనేషన్‌కి (హైడ్రోజన్ చేర్చే చర్యకి) ఈ తేడా పెద్దగా పట్టదు. రుథేనియం మీద అమ్మోనియా తయారీకి మాత్రం ఉపరితలంలోని పరమాణు మెట్ల దగ్గర ఐదు పరమాణువులు ప్రత్యేకంగా అమరిన చోట్లు కావాలి. మరీ చిన్న కణంలో అవి ఏర్పడవు. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌ల నుంచి హైడ్రోకార్బన్లు చేసే ఫిషర్-ట్రాప్ష్ చర్యలో కోబాల్ట్ సుమారు 6 నానోమీటర్ల లోపుకు దిగితే టర్నోవర్ పడిపోతుంది. బంగారం తీరు వేరు: 5 నానోమీటర్ల లోపే కార్బన్ మోనాక్సైడ్‌ని తక్కువ ఉష్ణోగ్రతలోనే ఆక్సీకరిస్తుంది. అయితే అక్కడ సపోర్ట్‌ని తాకే అంచుకూ వాటా ఉంది, ఘనతంతా పరిమాణానికే కట్టబెట్టకు.

బంగారం నమూనాల్లో క్లోరైడ్ మిగిలితే వేడిచేసేటప్పుడు కణాలు ముద్దకడతాయి. కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా మసకబారనంత వరకూ కడుగు.

వేగం కొలిచేటప్పుడు మార్పిడి (చర్యలో మారిపోయిన ముడిపదార్థం వాటా) 10 శాతం లోపే ఉంచు. డిస్పర్షన్ ఒకటే ఉండి లోహం శాతం వేరైన రెండు నమూనాలు చేసి, రెండు ఉష్ణోగ్రతల దగ్గర నడుపు. ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర రెండు నమూనాలకూ టర్నోవర్ ఒకటే రాకపోతే నువ్వు కొలుస్తున్నది రసాయన వేగం కాదు, రంధ్రాల్లో వ్యాపనమో వేడి నిలిచిపోవడమో. వాడేసిన నమూనాకూ టీఈఎం తీయించు, మొదలుపెట్టినప్పటి 2 నానోమీటర్లు చివరిదాకా అలాగే ఉన్నాయో లేదో చూసి వాడకముందు, వాడాక తీసిన కొలతల పట్టికలు రెండూ నాకు పంపు.