ఆబ్జెక్ట్ ఎవరు పుట్టించాలి: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

బరంపురం నుంచి మావయ్య ఆశీస్సులు. మీ ఆఫీసు జావా ఫ్రేమ్‌వర్క్‌లో డిపెండెన్సీ ఇంజెక్షన్ (క్లాస్‌కి కావలసిన ఆబ్జెక్టుల్ని అదే పుట్టించుకోకుండా బయటి నుంచి అందించడం) పెట్టే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఆ ఆబ్జెక్టుల్ని పుట్టించి అందించే కంటైనర్ కూడా సొంతంగా రాసేస్తానన్నావు చూడు, అది మాత్రం వద్దు. అలాంటి కంటైనరే అయిన గైస్‌ని గూగుల్ వాళ్లు 2007లోనే బయటపెట్టారు, స్ప్రింగ్ అంతకన్నా పాతది. వాళ్లు ఏళ్ల తరబడి విప్పిన చిక్కుముళ్లన్నీ నువ్వు మళ్లీ మొదటి నుంచి విప్పుకోవాలా?

ఇప్పుడు సర్వీస్ క్లాసుల్ని ఫ్రేమ్‌వర్కే రిఫ్లెక్షన్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగా క్లాస్‌ని చూసి ఆబ్జెక్ట్ చేసే జావా సదుపాయంతో) పుట్టిస్తోంది. ఆ పనిని ఒక చిన్న ఇంటర్‌ఫేస్ వెనక్కి నెట్టు. ఆబ్జెక్ట్ ఇచ్చే మెథడ్ ఒకటి, పనయ్యాక వెనక్కి తీసుకునేది ఒకటి. అపాచీ సీఎక్స్ఎఫ్ అనే వెబ్ సర్వీస్ ఫ్రేమ్‌వర్క్‌లో రిసోర్స్‌ప్రొవైడర్ దాదాపు ఇలాంటిదే, దాని కోడ్ చదువు. ఏమీ చెప్పకపోతే పాత రిఫ్లెక్షన్ పద్ధతే నడవాలి, లేదంటే ఇప్పటికే ఉన్న సర్వీసులన్నీ ఆగిపోతాయి. స్ప్రింగ్‌కీ గైస్‌కీ ఈ ఇంటర్‌ఫేస్‌ని కలిపే అడాప్టర్లు వేరు వేరు జార్‌లలో ఉండాలి.

అసలు టెన్షన్ స్కోప్‌లతో, అంటే ఏ ఆబ్జెక్ట్ ఎంతసేపు బతకాలన్న లెక్కతో వస్తుంది. జావా వెబ్ సర్వీసుల ప్రమాణమైన జాక్స్-ఆర్ఎస్‌లో మామూలుగా రిక్వెస్ట్‌కో కొత్త రిసోర్స్ ఆబ్జెక్ట్ పుడుతుంది. స్ప్రింగ్‌లో ఏమీ చెప్పకపోతే సింగిల్టన్, అంటే అందరికీ ఒకే ఆబ్జెక్ట్. ఈ రెండూ కలిసే చోట ఏం జరుగుతుందో చూడు. మీ పర్లాకిమిడి బస్సుల వేళలు చెప్పే సర్వీస్ ఉందనుకో. అడిగినవాళ్ల భాష రిక్వెస్ట్ హెడర్‌లో వస్తుంది. మొదట ఒడియా మనిషి అడిగాడు. సర్వీస్ సింగిల్టన్ కాబట్టి ఆ భాషని ఫీల్డ్‌లో దాచేసుకుంది. ఆ తరవాత అడిగిన తెలుగువాడికీ ఒడియాలోనే జవాబు. నీ ఒక్కడి టెస్ట్‌లో ఇది ఎప్పటికీ కనబడదు. అందుకే రిక్వెస్ట్‌కి సంబంధించినవేవీ సింగిల్టన్‌లోకి నేరుగా ఇవ్వకు. ప్రాక్సీ (ప్రతిసారీ అప్పటి రిక్వెస్ట్‌కి చెందిన అసలు ఆబ్జెక్ట్‌కి దారి చూపే ప్రతినిధి) ఇవ్వు, లేదా ప్రొవైడర్ ఇచ్చి అవసరమైనప్పుడల్లా అడగమను. రెండు భాషల రిక్వెస్టులు ఒకేసారి పంపే టెస్ట్ ఒకటి తప్పకుండా రాయి.

వాడకం అయ్యాక ఆబ్జెక్ట్‌ని మూసేసే పని కూడా అంతే జాగ్రత్తగా చెయ్యి. కంటైనర్ పుట్టించిన ఆబ్జెక్ట్‌ని కంటైనరే మూయాలి. సింగిల్టన్‌ని నీ ఫ్రేమ్‌వర్క్ మూసేస్తే తరవాతి రిక్వెస్ట్‌కి డేటాబేస్ కనెక్షనే ఉండదు.

కావలసినవాటిని ఫీల్డుల్లో నింపడం కన్నా, ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడే అందించే కన్‌స్ట్రక్టర్ ఇంజెక్షన్ నాకు ఇష్టం. ఏది లేకపోతే క్లాస్ నడవదో చూడగానే తెలుస్తుంది. కావలసినది దొరకకపోతే సర్వర్ మొదలయ్యేటప్పుడే, ఏ క్లాస్‌కి ఏది దొరకలేదో పేర్లతో సహా చెప్పి ఆగిపోవాలి.

సొంత యానొటేషన్లు (కోడ్ మీద పెట్టే గుర్తులు) కనిపెట్టకు. 2009లో వచ్చిన జావా ప్రమాణం జేఎస్ఆర్ 330లోని ఇంజెక్ట్ చాలు. 2020లో జకార్తా ఈఈ 9తో అది ఉండే ప్యాకేజీ పేరు జావాఎక్స్ నుంచి జకార్తాకి మారింది. మీ సర్వర్ ఏ పేరు వాడుతోందో ముందే కనుక్కో. ఒక పేరుతో రాసిన యానొటేషన్‌ని రెండో పేరు మాత్రమే తెలిసిన కంటైనర్ పట్టించుకోదు, ఎర్రర్ కూడా రాకపోవచ్చు.

ఇంటర్‌ఫేస్ రాయగానే నాకు పంపు. అడాప్టర్లు మొదలుపెట్టే ముందే ఇద్దరం కూర్చుని చూద్దాం.

మావయ్య