మోటారు వైండింగ్ మానిపించాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి మోటారు వైండింగ్ దుకాణం నడుపుతున్నాడు. ఏఐ వచ్చాక చేతిపనికి రోజులుండవని, హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేయించమని బంధువులు పట్టుబడుతున్నారు. ఫీజుకు లక్షన్నర సిద్ధం చేశాం. దుకాణం మూయించమంటారా?
- ఒక తల్లి, నర్సంపేట

జవాబు: మూయించకండమ్మా. నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో పందొమ్మిదేళ్లు గుమస్తాగా తక్‌పట్టీలు, అంటే రైతు అమ్మిన సరుకు లెక్క చీటీలు, రాశాను. నీడపట్టున కూర్చుని చేసే పని అని మా అమ్మకు ఎంతో గర్వం. దుకాణానికి కంప్యూటర్ వచ్చిన ఏడాదికే నన్ను మానుకోమన్నారు. మిర్చి బస్తాలో చెయ్యి పెట్టి, కాయ విరిచి, తేమ ఎంతో, తాలు ఎంతో చెప్పే మనిషి మాత్రం ఈనాటికీ అక్కడే ఉన్నాడు. బస్తాలెత్తే హమాలీలూ ఉన్నారు.

హాన్స్ మోరవెక్ అనే రోబో శాస్త్రవేత్త ఈ మాట 1988లోనే రాశాడు. తెలివితేటల పరీక్షల్లో యంత్రాన్ని పెద్దవాళ్లంత చేయడం కంటే, దానికి ఏడాది బిడ్డకున్న చూపూ కదలికా నేర్పడమే కష్టమన్నాడు. 1997లో కంప్యూటర్ చదరంగంలో కాస్పరోవ్‌ను ఓడించింది. మన పొలాల్లో పంపుసెట్టు విప్పే యంత్రం ఇంకా రాలేదు.

మీ అబ్బాయి దగ్గరికి వచ్చే మోటార్లు చూడండి. ఒకటి మూడు ఫేజుల కరెంటులో ఒక ఫేజు పోయినా నడిచి కాలింది. ఇంకొకటి బేరింగ్ అరిగి, లోపల రాసుకుని కాలింది. 2018 జనవరి 1న తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు మొదలయ్యాక, కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టరు ఉన్నచోట బోరులో నీళ్లు తగ్గినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, రైతు నిద్రలో ఉండగానే కాలుతుంది. కారణం కనిపెట్టకుండా కొత్త తీగ చుడితే వారంలో మళ్లీ వస్తుంది. పాత కాయిల్లో చుట్లు లెక్కపెట్టి, తీగ గేజి కొలిచి, గాడుల్లో కాగితం పరిచి, వార్నిష్ పోసి ఆరబెట్టే ఆ చేతిని చిన్నచూపు చూస్తే నాకు కోపం వస్తుంది.

కష్టాలు లేవనను. వానాకాలంలో పని తక్కువ, ఉద్దెర ఎక్కువ, పీఎఫ్ లేదు. పెళ్లి సంబంధం వాళ్లు ముందు ఉద్యోగమేమిటని అడుగుతారు. అయినా కోర్సు చేసి వచ్చినవాళ్లందరికీ ఉద్యోగం రాసిపెట్టి లేదు. పైగా యంత్రం ముందుగా నేర్చుకుంటున్నది బల్ల దగ్గర కూర్చుని చేసే ఆ కంప్యూటర్ పనినే.

మీ ఉత్తరంలో అబ్బాయి మాట ఒక్కటీ లేదు. కోర్సు కావాలని అతనే అడిగితే నా సలహా పక్కన పెట్టండి. లేదంటే ఆ డబ్బులో కొంత పెట్టి మంచి మెగ్గరు (వైండింగ్ ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) కొనివ్వండి. వానాకాలం ఖాళీలో సోలార్ పంపు కంట్రోలర్ల పని నేర్చుకోమనండి. మిగతాది యాసంగికి ముందే రాగి తీగ కొనడానికి ఉంచండి. పొలం ఎండుతుంటే మోటారు మోసుకొచ్చిన రైతును తీగ లేదని తిప్పి పంపే పరిస్థితి రాకూడదు.