మనసు బాగాలేదని కాలేజీకి లీవు పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. హనుమకొండలో హాస్టల్‌లో ఉండి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది పరకాల దగ్గర పల్లె. బాపు పత్తి, మిర్చి వేస్తారు. నెల రోజులుగా పొద్దున లేవగానే గుండె దడ, కడుపులో తిప్పినట్టు ఉంటోంది. రాత్రి రెండు దాటినా నిద్ర పట్టదు. అన్నం సహించడం లేదు. బాత్‌రూంలోకి వెళ్లి ఏడ్చి వస్తున్నాను. ఈ సెమిస్టర్‌లో ఇప్పటికి 45 రోజులు క్లాసులు జరిగితే 32 రోజులే వెళ్లాను. మానేసినవి ఎక్కువగా సోమవారాలే. ఆ రోజు ల్యాబ్ ఉంటుంది. ప్రోగ్రాం రన్ కాకపోతే అందరి ముందు నిలబెట్టి తిడతారు. లీవు పెట్టిన రోజు జ్వరమని చెప్పి గదిలో పడుకుంటాను. సాయంత్రానికి తప్పు చేశాననిపించి ఇంకా టెన్షన్ పెరుగుతుంది. రూమ్మేట్స్ ఓవరాక్షన్ అంటున్నారు. ఒక ఫ్రెండ్ వాళ్లింట్లో వాడే నిద్రమాత్రలు ఇస్తే రెండుసార్లు వేసుకున్నాను. మనసు బాగాలేదని లీవు పెట్టడం తప్పా? ఒక్కోసారి పొద్దున లేవకుండా ఉంటే బాగుండు అనిపిస్తుంది. ఇంట్లో చెప్పాలంటే భయం.
- ఒక విద్యార్థిని, హనుమకొండ

డాక్టర్ సలహా: అమ్మా, లీవు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీరు చివర్లో రాసిన మాట గురించి. పొద్దున లేవకుండా ఉంటే బాగుండు అనిపించడం వేరు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన రావడం వేరు. మీకు వస్తున్నది ఏదో మీకే తెలుస్తుంది. రెండోది ఏ కొంచెం ఉన్నా రేపటి దాకా ఆగకండి. ఈ రాత్రి గదిలో ఒంటరిగా ఉండకండి. వార్డెన్‌కో, మీరు నమ్మే స్నేహితురాలికో ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పరిస్థితి చేయి దాటేలా ఉంటే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఎమర్జెన్సీ రాత్రి కూడా తెరిచే ఉంటుంది. తోడు తీసుకుని వెళ్లండి. అలాంటి ఆలోచన లేదు, కేవలం లేవకుండా ఉంటే బాగుండు అనిపిస్తోందంటే, అప్పుడూ ఈ వారంలోనే డాక్టర్‌ను కలవాలి. ఇలాంటి విషయాలు పైకి మాట్లాడితే ఆలోచనలు ఎక్కువవుతాయని చాలామంది భయపడతారు. అలా జరగదు. చెప్పుకున్నాక బరువు తగ్గడమే ఎక్కువగా చూస్తాం.

ఇక మీ ప్రశ్న. మనసు బాగాలేనప్పుడు లీవు పెట్టడం తప్పు కాదు. నిద్ర లేక, తిండి లేక, గుండె దడతో ఉన్న మనిషి క్లాసులో కూర్చున్నా పాఠం బుర్రకెక్కదు. జ్వరమని చెప్పాల్సిన పని కూడా లేదు. ఆరోగ్యం బాగాలేదని రాయండి చాలు, అది నిజమే కదా. సాయంత్రానికి మిమ్మల్ని తినేస్తున్న అపరాధ భావంలో సగం ఆ జ్వరం అబద్ధం వల్లే వస్తోందని నా అనుమానం.

అయితే మీరు మానేసిన 13 రోజుల్లో ఎక్కువ సోమవారాలే అన్నారు. మీ ఉత్తరంలో నన్ను ఆపిన సంగతి ఇదే. అలసిపోయిన మనిషి పెట్టే లీవు వారంలో ఏ రోజైనా పడుతుంది. వరుసగా సోమవారం మీదే పడుతోందంటే అది అలసటకు పెట్టే లీవు కాదు, భయానికి పెట్టే లీవు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఫలితం మాత్రం పూర్తిగా వేరు. అలసటకు ఒక రోజు విశ్రాంతి ఇస్తే మర్నాటికి తగ్గుతుంది. భయానికి ఒక రోజు లీవు ఇస్తే వచ్చే వారానికి వడ్డీతో సహా తిరిగొస్తుంది.

ఎందుకంటే, ల్యాబ్ తలచుకోగానే మీకు దడ మొదలవుతుంది. వెళ్లను అని నిర్ణయించుకున్న ఐదు నిమిషాలకు ప్రాణం కుదుటపడుతుంది. ఆ ఊరటను మెదడు గుర్తుపెట్టుకుంటుంది: వెళ్లకపోవడం వల్లే బతికాం అని. అందుకే మరుసటి సోమవారం ఇంకాస్త ముందుగా, ఆదివారం మధ్యాహ్నానికే హెచ్చరిక మొదలుపెడుతుంది. పైగా పోయిన వారం చేయని ప్రోగ్రాం అలాగే ఉంటుంది, రికార్డు వెనకబడుతుంది, తిట్లు తినే అవకాశం నిజంగానే పెరుగుతుంది. అదే భయంతోనే లోపలికి వెళ్లి కూర్చుంటే దడ మొదట పెరుగుతుంది, కాసేపు అలాగే ఉండి, ఆ తర్వాత దానంతట అదే దిగుతుంది. చాలామందికి అరగంట, ముప్పావు గంటలోనే ఈ తేడా తెలుస్తుంది. దిగేదాకా అక్కడే ఉన్నారంటే వచ్చే వారం కాస్త తేలిక. మధ్యలో లేచి వచ్చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇలా చెప్పడమంటే, తిట్లు పడుతూ కూర్చోమని కాదు. ఇరవై ఏళ్ల పిల్లలను అరవై మంది ముందు నిలబెట్టి తిడితే ప్రోగ్రాం రాదు, భయం వస్తుంది. అది బోధన కాదు. ల్యాబ్ రోజుకు ముందే, క్లాసు లేని సమయంలో ఆ సార్‌ను కలిసి రెండు ముక్కలు చెప్పండి: ఆరోగ్యం బాగాలేదు, కొన్ని ప్రోగ్రాములు వెనకబడ్డాను, ఈ వారం ఇది ఒక్కటి పూర్తి చేసి చూపిస్తాను అని. ఆయన దగ్గరికి వెళ్లడమే కష్టమనిపిస్తే మీ క్లాస్ ఇన్‌చార్జ్ మేడమ్‌కు చెప్పండి, స్నేహితురాలిని వెంట తీసుకెళ్లండి. కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారేమో అడగండి. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న విద్యా సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరైనా ఉండాలని సుప్రీంకోర్టు 2025 జూలైలో ఆదేశించింది. లేకపోతే ఎందుకు లేరని అడగడానికి మీకు హక్కుంది.

మరి లీవు ఎప్పుడు పెట్టాలి? ఈ నిర్ణయం పొద్దున మంచం మీద తీసుకోకండి. మీ పరిస్థితిలో పొద్దున పూటే దడ ఎక్కువ, ఆ సమయంలో ఎవరైనా వద్దనే అనుకుంటారు. ముందు రోజు రాత్రి భోజనం అయ్యాక ఆలోచించండి. రేపు ఏ క్లాసులున్నా నాకు ఇలాగే ఉండేదా, లేక ఫలానా క్లాసు ఉంది కాబట్టే ఇలా ఉందా? ఏ క్లాసున్నా ఒకటే అనిపిస్తే, వారంగా నిద్ర లేకపోతే, హాయిగా లీవు పెట్టండి. ఫలానా దాని వల్లే అనిపిస్తే వెళ్లండి. మరీ కష్టంగా ఉంటే ఆ ఒక్క క్లాసుకైనా వెళ్లి మిగతా పూట సెలవు తీసుకోండి. మీరు ఇప్పుడు చేస్తున్నదానికి ఇది సరిగ్గా తలకిందులు.

లీవు పెట్టి ఏం చేస్తారన్నదీ ముఖ్యమే. దుప్పటి కప్పుకుని ఫోన్ చూస్తూ పడుకుంటే సాయంత్రానికి తల బరువెక్కి, రాత్రి నిద్ర ఇంకా చెడుతుంది. రోజూ లేచే సమయానికే లేవండి. స్నానం చేయండి, టిఫిన్ రెండు ముద్దలైనా తినండి. ఎండ ఎక్కకముందు భద్రకాళి బండ్ మీదో, వడ్డెపల్లి చెరువు కట్ట మీదో అరగంట నడవండి. పగలు నిద్ర వస్తే అరగంట మించనివ్వకండి. ఆగిపోయిన సిలబస్ అంతా ఆ ఒక్క రోజులోనే లాగేయాలనుకోకండి, అప్పుడది లీవే కాదు. నాలుగు దాటాక టీ, కాఫీ మానేయండి. కాఫీలో ఉండే కెఫీన్ ఐదారు గంటల తర్వాత కూడా సగం దాకా ఒంట్లోనే ఉంటుంది.

హాజరు భయం కూడా ఉంటుంది కాబట్టి లెక్క చూద్దాం. మీరు వెళ్లింది 45కు 32, అంటే 71 శాతం. సెమిస్టర్ మొత్తం 90 రోజులనుకుంటే 75 శాతానికి 68 రోజులు కావాలి. మిగిలిన 45 రోజుల్లో 36 వెళ్తే సరిపోతుంది. ఇంకా తొమ్మిది రోజుల వెసులుబాటు ఉందన్నమాట. మీరు అనుకుంటున్నంత మునిగిపోలేదు. ఒకవేళ తగ్గినా, 65 నుంచి 75 మధ్య ఉన్నవాళ్లకు అనారోగ్య కారణాల మీద మినహాయింపు ఇచ్చే నిబంధన చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో ఉంది. దానికి మెడికల్ సర్టిఫికెట్ కావాలి. మానసిక సమస్యకు డాక్టర్ ఇచ్చేదీ మెడికల్ సర్టిఫికెట్టే. అందులో జబ్బు పేరు వివరంగా రాయకుండా, చికిత్సలో ఉన్నారు, విశ్రాంతి అవసరం అని మాత్రం రాయమని అడగవచ్చు.

ఆ మాత్రలు మాత్రం ఇక ముట్టవద్దు. పేరు మీరు రాయలేదు కానీ, మన ఇళ్లలో నిద్రకని దాచుకునేది ఎక్కువగా అల్ప్రాజోలం. కల్తీ కల్లు కేసుల్లో తరచూ బయటపడే మందు ఇదే. కొన్ని వారాలు వరుసగా వాడితే అది లేనిదే నిద్ర రాని స్థితి వస్తుంది, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. రెండుసార్లు వేసుకున్నందుకు కంగారు పడొద్దు. మిగిలినవి ఫ్రెండ్‌కు తిరిగి ఇచ్చేయండి, గదిలో ఉంచుకోవద్దు.

మీకున్నది ఏమిటో ఉత్తరం చూసి తేల్చలేను. కానీ నిద్ర, ఆకలి, ఏడుపు, దడ, బతుకు మీద విసుగు, ఇవన్నీ రెండు వారాలు దాటి ఉంటే డిప్రెషన్, ఆందోళన సమస్యలు ఉన్నాయేమో చూడాల్సిందే. మీకు నెల అయింది. ఇది ఒక రోజు సెలవుతో పోయే దశ కాదు. కాబట్టి ఈసారి లీవు పెట్టేది డాక్టర్ దగ్గరికి వెళ్లడానికే కావాలి. ఎంజీఎంలో సైకియాట్రీ ఓపీ ఉంది, పొద్దున్నే వెళ్లండి. డాక్టర్ మొదట మాట్లాడతారు: నిద్ర, తిండి, నెలసరి, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి సమస్య ఉందా అని అడుగుతారు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు రాయించుకోండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా నీరసం, దడ, దిగులు ఇలాగే ఉంటాయి. మీ వయసు ఆడపిల్లల్లో రక్తహీనత చాలా ఎక్కువగా చూస్తాం.

సమస్య తేలికగా ఉంటే మాటలతో చేసే చికిత్సే సరిపోవచ్చు. మందులు రాస్తే అవి పనిచేయడం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. డిప్రెషన్‌కు వాడే మందులు నిద్రమాత్రల్లా అలవాటు పడేవి కావు. అయితే మొదటి వారం కడుపులో వికారం ఉండవచ్చు. 25 ఏళ్లలోపు వాళ్లలో కొందరికి మొదట్లో అస్థిమితం, చెడు ఆలోచనలు పెరగవచ్చు. అలా అనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. బాగుందని మధ్యలో మీ అంతట మీరు ఆపకూడదు. మీ వివరాలను గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం డాక్టర్ మీద, ఆస్పత్రి మీద పెట్టింది. కాలేజీకి చేరవేస్తారన్న భయం అక్కర్లేదు.

ఇంట్లో చెప్పడం గురించి. ఎరువుల అప్పు, పత్తి ధర, వానలు, ఇన్ని మోస్తున్న బాపుకు నా ఏడుపు కూడానా అని మీరు వెనకాడుతున్నట్టున్నారు. మాకు లేని టెన్షన్ నీకెందుకు అంటారన్న భయమూ ఉండి ఉంటుంది. అలా అనే తల్లిదండ్రులు నా దగ్గరికి చాలామంది వస్తారు. వాళ్లు పిల్లల మీద ప్రేమ లేక అనరు, ఏం చేయాలో తెలియక అంటారు. అందుకే పెద్ద పెద్ద పేర్లతో మొదలుపెట్టకండి. నెల రోజులుగా నిద్ర పడతలేదు బాపూ, అన్నం తినబుద్ధి కావట్లేదు, ఎంజీఎంలో చూపించుకోవాలి, నువ్వో అమ్మో ఒక్కరోజు రండి అని చెప్పండి. నిద్ర లేదు, తిండి లేదు అంటే మన పల్లెల్లో ఏ తల్లికైనా వెంటనే అర్థమవుతుంది. ముందు అమ్మకు చెప్పడం తేలికైతే అమ్మకే చెప్పండి. వారాంతంలో ఇంటికి వెళ్లి ఎదురుగా చెబితే ఇంకా మంచిది. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు అక్కర్లేదు, పరకాల గంట ప్రయాణమే.

ఇది చదువుతున్న తల్లిదండ్రులకు ఒక మాట. హాస్టల్‌లో ఉన్న బిడ్డ ఫోన్లో మాటలు తగ్గించినా, ఇంటికి రాగానే రోజంతా పడుకున్నా, మార్కుల ఊసు ముందు ఎత్తకండి. తింటున్నావా, నిద్ర పడుతోందా అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. చదువు ఒక సంవత్సరం వెనకబడినా మళ్లీ అందుకోవచ్చు.

రూమ్మేట్స్ అన్నదాన్ని అంతగా పట్టించుకోకండి. వాళ్లకు మీ ఏడుపు కనబడలేదు, బాత్‌రూం తలుపు వేసుకుని ఏడ్చారు కదా. వాళ్లలో ఒకరికైనా నిజం చెప్పి చూడండి. ఈ వారంలో ఎంజీఎంకు వెళ్లే రోజును ఇప్పుడే ఖాయం చేసుకుని, తోడు వచ్చేది ఎవరో మాట్లాడి పెట్టుకోండి. ఆదివారం సాయంత్రం సులువైన ప్రోగ్రాం ఒక్కటి స్నేహితురాలితో కూర్చుని రన్ చేసి చూసుకోండి. సోమవారం ఆమెతో కలిసి ల్యాబ్‌కు వెళ్లి, పక్కపక్క సిస్టమ్స్ దగ్గర కూర్చోండి. దడ వస్తే గాలి నెమ్మదిగా పీల్చి, పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలండి. అది తగ్గేదాకా సీటు వదలకండి.