పగలంతా ఆ కుక్కతో ఉండేది మీ అత్తగారే కదా

ప్రశ్న: మాది రాజోలు దగ్గర, ఏటిగట్టు పక్కనే ఉన్న ఊరు. మావారు కువైట్‌లో పనిచేస్తారు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. బాబు ఈ ఏడాదే ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్ళాడు. ఇంట్లో నేను, మా అత్తగారు, ఎనిమిదో తరగతి చదివే పాప మిగిలాం. బాబు వెళ్ళినప్పట్నుంచీ ఇల్లు బావురుమంటోంది. కాకినాడలో ఒక షెల్టర్ వాళ్ళు పెట్టిన ఫొటోల్లో నాలుగేళ్ళ గోధుమరంగు నాటు కుక్కని చూశాను, అప్పట్నుంచీ దాని మీదే మనసు. పాపకేమో రెండు నెలల కుక్కపిల్లే కావాలట. మావారు ఫోన్లో "ఆడవాళ్ళే ఉంటారు, తెస్తే జర్మన్ షెపర్డ్ తెండి, లేదంటే మానేయండి" అంటున్నారు. మా అత్తగారికి 70 ఏళ్ళు, షుగరు, మోకాళ్ళ నొప్పులు, పూజలూ ఎక్కువే. "కుక్క గడప ఎక్కితే నేను తణుకు పోయి మా అమ్మాయి దగ్గరుంటా. నువ్వు స్కూలుకి పోతే దాని పెంట ఎత్తేది నేనేగా" అన్నారు. అప్పట్నుంచీ నాతో ముభావంగా ఉంటున్నారు. నేనడిగింది అంత పెద్ద కోరికా?

జవాబు: పెద్ద కోరికేం కాదండి. కానీ మీ ఇంట్లో అందరూ మాట్లాడుకుంటున్నది ఒకే కుక్క గురించి కాదని గమనించారా? మీకు సాయంత్రాలు తోడు కావాలి, పాపకి ఒళ్ళో పెట్టుకోవడానికి ఒక బుజ్జి పిల్ల కావాలి, మీవారికి రాత్రిపూట కాపలా కావాలి. ఈ ముగ్గురిలో ఒక్కరూ పగలు ఇంట్లో ఉండరు. ఉండేది మీ అత్తగారు ఒక్కరే, ఆవిడ్ని కూర్చోబెట్టి అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, ఆవిడ కోప్పడ్డ మాట మాత్రమే రాశారు. ఆ కోపంలో ఒక నిజం ఉంది. పొద్దున్నే మీరు బయల్దేరాక సాయంత్రం వచ్చేదాకా ఆ కుక్కకి నీళ్ళు పెట్టేది, అది వాంతి చేసుకుంటే తుడిచేది, గేటు తీసి ఉంటే కేకేసేది ఆవిడే. అందుకని నా లెక్కలో ఈ విషయంలో మొదటి ఓటు ఆవిడది, ఆఖరి ఓటూ ఆవిడదే. కోడలిగా ఈ మాట మీకు రుచించకపోవచ్చు.

పాప కోరిక సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అందులో పెద్దగా ఆలోచించాల్సింది లేదు. రెండు నెలల పిల్ల మీ ఇంటికి పనికిరాదు. దానికి రోజుకి మూడు నాలుగుసార్లు తిండి పెట్టాలి, గంటా రెండు గంటలకోసారి బయటికి తీసుకెళ్ళకపోతే ఎక్కడపడితే అక్కడ పోస్తుంది, సూదుల్లాంటి పాలపళ్ళతో కనబడిందల్లా కొరుకుతుంది, చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగుతుంది. కాళ్ళకి అడ్డం పడితే మోకాళ్ళ నొప్పులున్న 70 ఏళ్ళ మనిషి పడిపోవడానికి ఎంతసేపు? షుగరున్నవాళ్ళకి చిన్న గీరుడు కూడా త్వరగా మానదు. పైగా పార్వో, డిస్టెంపర్ అనే జబ్బులు రాకుండా టీకాలు మూడు నాలుగు వారాల తేడాతో వేయించుకుంటూ నాలుగు నెలల వయసు దాకా వెళ్ళాలి, ఆ కోర్సు పూర్తయ్యేవరకూ వీధిలో తిప్పకూడదు. "నేనే చూసుకుంటా" అని పాప మనస్ఫూర్తిగానే అంటోంది, ఆ వయసు పిల్లలందరూ అలాగే అంటారు. ఇప్పుడు ఎనిమిది, రెండేళ్ళలో టెన్త్, ఆ తర్వాత మన దగ్గర అందరి పిల్లల్లాగే ఇంటర్‌కి విజయవాడ హాస్టల్‌కి పంపరని గ్యారంటీ ఉందా? కుక్క పది, పన్నెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బతుకుతుంది. ఈ రోజు తెచ్చిన పిల్ల మీ పాపకి ఉద్యోగం వచ్చేనాటికి కూడా మీ వసారాలోనే పడుకుని ఉంటుంది. అప్పుడు దాని పక్కన ఎవరుంటారో ఆలోచించుకుని ఆ మాట పాపకి కోపం లేకుండా చెప్పండి.

మీవారి మాటకొస్తే, ఆయనది దూరంగా ఉన్న మనిషి టెన్షన్, కాదనలేం. అయితే జర్మన్ షెపర్డ్‌కి రెండు పొరల బొచ్చు, మన ఉక్కపోతలో, ముఖ్యంగా రోహిణీకార్తెలో, దాని అవస్థ చూడలేరు. రోజూ బాగా పరిగెత్తించాలి, తుంటి ఎముకల జబ్బులు ఆ జాతిలో ఎక్కువ. అది గట్టిగా గుంజితే గొలుసు పట్టుకోగల బలం మీ ముగ్గురిలో ఎవరికుంది? షెల్టర్లలో కనిపించే జాతి కుక్కల్లో చాలావాటిని ఇలాగే ఎవరో కాపలాకని కొని, చేతగాక వదిలేసి ఉంటారు. కాపలా పేరుతో రోజంతా గొలుసుకి కట్టేస్తే ఏ కుక్కైనా చిరాకుపడి కనిపించినవాళ్ళ మీదకల్లా ఎగబడుతుంది, అది కాపలా కాదు, ప్రమాదం. అర్ధరాత్రి గేటు చప్పుడైతే మొరిగే కుక్క చాలు, ఆ పని నాటు కుక్క బ్రహ్మాండంగా చేస్తుంది. మిగతా భయానికి వీధి వైపు ఒక లైటు, పెరటి గ్రిల్లుకి మంచి తాళం, పక్కింటివాళ్ళ నంబరు. ఈ మాట ఆయనకి మీరే ఫోన్లో చెప్పండి, పాప చేత చెప్పించకండి.

ఇక మీరు మనసు పడ్డ నాలుగేళ్ళ కుక్క. మీ ఇంటికి నప్పితే అలాంటిదే నప్పుతుంది. పిల్ల రేపు ఎలా తయారవుతుందో ఎవరూ చెప్పలేరు గానీ నాలుగేళ్ళ కుక్క ఎలాంటిదో షెల్టర్‌లో దానికి రోజూ అన్నం పెట్టే మనిషికి తెలుసు. ఫొటో పెట్టినవాళ్ళని కాకుండా ఆ మనిషిని పట్టుకుని అడగండి. ఇది షెల్టర్‌కి ఎలా వచ్చింది, ఇంతకుముందు ఇంట్లో పెరిగిందా, వీధిలో పెరిగిందా, ఎవరైనా తీసుకెళ్ళి తిరిగి తెచ్చి ఇచ్చారా, ఇస్తే ఎందుకిచ్చారు? తింటున్నప్పుడు గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమంటుందా? ముసలివాళ్ళ చేతికర్ర చూస్తే, చీపురు ఎత్తితే ఏం చేస్తుంది? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా? టీకాల కార్డు చేతికివ్వమనండి, అందులో రేబిస్‌తో పాటు లెప్టోస్పైరోసిస్ టీకా కూడా ఉందో లేదో చూడండి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చే జబ్బు అది, మనుషులకీ అంటుతుంది, చుట్టూ వరిచేలూ కాలువలూ ఉన్న మన ఊళ్ళలో దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. గోమార్లు పట్టిన చరిత్ర ఉంటే రక్తపరీక్ష చేయించారా అని కూడా అడగండి. వెళ్ళింది మొదలు ఒక్కసారికే తెచ్చేసుకోకుండా కనీసం రెండుసార్లు చూడండి, ఒకసారి అన్నం వేళకి.

కోళ్ళ సంగతి అడగడం మర్చిపోవద్దు, నవ్వులాట కాదు. మీ పక్కింట్లోనో ఎదురింట్లోనో పందెం పుంజుల్ని మేపేవాళ్ళు ఉండే ఉంటారు, జీడిపప్పూ బాదంపప్పూ పెట్టి సంక్రాంతికి సిద్ధం చేసిన పుంజుని మీ కుక్క పట్టిందంటే వేలల్లో కట్టాల్సి వస్తుంది, డబ్బు పోతే పోయింది, ఆ ఇంటితో మళ్ళీ మాటలుండవు.

ఏటిగట్టు పక్కన అన్నారు కాబట్టి వరద గురించి షెల్టర్ వాళ్ళు అడక్కపోయినా నేను అడుగుతాను. 2022 జులై గోదావరి వరద మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకి చేరి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక ఇల్లు ఖాళీ చేయమంటే, అత్తగారిని పట్టుకుంటారా, పాపని పట్టుకుంటారా, కుక్కని పట్టుకుంటారా? పునరావాస కేంద్రం వరండాలో కుక్కని కట్టుకోనిస్తారన్న నమ్మకం లేదు. గట్టుకి దూరంగా మెరకలో ఉన్న చుట్టాల్లో ఎవరు ఆ నాలుగు రోజులు దాన్ని ఉంచుకుంటారో ఇప్పుడే అడిగి ఒప్పించుకోండి. గొలుసు, మూతికి పెట్టే పట్టీ, టీకాల కార్డు ఒక పాలిథిన్ కవర్లో ఆధార్ కార్డుల పక్కనే పెట్టుకోండి. ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టేసి వదిలి వెళ్ళకూడదు. ఈ ప్రశ్నకి జవాబు దొరక్కపోతే మాత్రం కుక్కని తేవద్దనే అంటాను.

ఇప్పుడు అసలు పని. అత్తగారితో ఎలా మాట్లాడాలి? "మేం ముగ్గురం అనుకున్నాం, మీరు సరేనంటే" అని మొదలెట్టకండి, అది ఆవిడకి తీర్పు చదివినట్టుంటుంది. ఒక సాయంత్రం పూజ అయ్యాక అరుగు మీద కూర్చుని "మీరు పగలు ఒక్కరే ఉంటారు కదత్తయ్యా, కుక్క వస్తే మీకు ఏది కష్టమో చెప్పండి" అని అడిగి, మధ్యలో సర్దిచెప్పకుండా వినండి. పెంట ఎత్తే పని గురించి ఆవిడన్నదానికి మీ దగ్గర గట్టి జవాబుండాలి: మీరు స్కూలుకి వెళ్ళకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి బయట తిప్పేది మీరే, దొడ్డి కడిగేది మీరే, జ్వరమొచ్చిన రోజు పాప. కుక్క గొలుసు అత్తగారి చేతికి ఏ రోజూ ఇవ్వకూడదు. మడి గురించి ఆవిడతో వాదన పెట్టుకోవద్దు, చాదస్తం అని పాప ముందు అసలే అనొద్దు. పూజ గదికీ వంటింటికీ అది రాకుండా చిన్న కర్ర గేటు పెట్టించండి, ఎక్కడిదాకా రావచ్చో ఆవిడే చెప్పాలి. వసారా దాటొద్దంటే వసారాయే. గాలీ నీడా ఉండి మనుషుల మధ్య ఉంటే కుక్కకి వసారా చాలు, మీకే చాలదనిపిస్తుంది. షెల్టర్‌కి వెళ్ళేటప్పుడు ఆవిడ్నీ కార్లో తీసుకెళ్ళండి, వస్తానంటేనే.

కొన్ని షెల్టర్లు రెండు మూడు వారాలు ఇంట్లో ఉంచుకుని చూడమని ఇస్తాయి, అలా ఇస్తారేమో అడగండి. మీ దసరా సెలవులకో, వేసవి సెలవులకో కలిసొచ్చేలా చూసుకుంటే మొదటి రోజుల బరువు అత్తగారి మీద పడదు. దీపావళి ముందు వారం, సంక్రాంతి చుట్టాల హడావుడి మాత్రం వద్దు. కుక్కల్ని దత్తతిచ్చేవాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు: మొదటి మూడు రోజులు మంచం కింద దూరి తిండి కూడా ముట్టకపోవచ్చు, మూడు వారాలకి ఇంటి పద్ధతి పట్టుబడుతుంది, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. కాబట్టి నాలుగో రోజున "ఇది నన్ను చూడగానే తోక కూడా ఊపట్లేదు" అని దిగులు పడకండి. ఈ మాట మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీ ఉత్తరంలో బాబు లేని దిగులు కుక్క మీది ఇష్టం కంటే ఎక్కువ కనిపించింది. అది తప్పేం కాదు. కాకపోతే ఆ దిగులంతా తీర్చే డ్యూటీ మూగజీవానికి వేస్తే అది చేయలేదు, మీకు నిరాశ మిగులుతుంది. బాబుతో వారానికి రెండుసార్లు తీరిగ్గా ఫోన్ మాట్లాడుకునే వేళ పెట్టుకోండి, కుక్క వచ్చినా రాకపోయినా.

ఎవరికైనా పన్ను దిగినా, గీరుకున్నా, ఇంటి కుక్కే కదా టీకా వేయించాం కదా అని ఊరుకోకండి. కారం, సున్నం, పసరు మందు ఏవీ పెట్టకుండా కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ టీకా చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి సూది వేసిన రోజు, దాన్ని సున్నాగా లెక్కేసుకుని అక్కణ్ణుంచి మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు, ఏదీ ఎగ్గొట్టకూడదు. తెచ్చుకున్నాక నచ్చలేదని గట్టు మీద వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం, షెల్టర్‌కే తిరిగి అప్పగించాలి.

అన్నీ విన్నాక కూడా అత్తగారు వద్దనే అంటే మానేయండి. ఇష్టం లేని మనిషి దగ్గర పగలంతా బతకడం ఆ కుక్కకీ నరకమే, ఆవిడ తణుకు వెళ్ళిపోతే మీకూ అంతే. అప్పుడు మీ వీధిలోనే ఎప్పట్నుంచో తిరుగుతున్న కుక్క ఒకటి ఉంటుంది కదా, రోజూ ఒకే వేళకి ఒకేచోట, ఎవరి గుమ్మానికీ అడ్డం కాకుండా దానికి అన్నం పెట్టండి. చెవి కొన కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయిపోయినట్టే, లేకపోతే పంచాయతీలో అడగండి. ఏటా జులై 6న పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, పాపని వెంటబెట్టుకుని ఆటోలో తీసుకెళ్ళండి, మూతికి పట్టీ పెట్టాకే ఎక్కించండి.